బండి పిచ్చి

తెలుగులో బండి అన్న మాటకు హద్దు లేదు. ఎద్దులు లాగేదీ బండే, పట్టాల మీద పోయేదీ బండే, వీధి మొగలో ఇడ్లీలు అమ్మేదీ బండే. మోటారు సైకిలు, కారు వచ్చాక అవీ ఆ మాటలోనే ఒదిగిపోయాయి. దాని పక్కన పిచ్చి అన్న మాట చేరితే మాత్రం అర్థం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. బండి ఉన్నవాళ్లందరికీ బండి పిచ్చి ఉండదు. మామూలు మనిషికి బండి ఊరు చేరిస్తే చాలు. పిచ్చి ఉన్నవాడికి అది ఏ చప్పుడుతో చేర్చింది, ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరులో మూలిగింది, దిగాక ఇంజన్ కింద ఎన్ని చుక్కల ఆయిలు కారింది అన్నవన్నీ కావాలి. వీధి చివర వినబడ్డ సైలెన్సరు మోతను బట్టి వచ్చే బండి ఏదో చెప్పడం, తుక్కు కొట్లో గుట్ట కింద పనికొచ్చే కార్బురేటరు దొరికితే పండగ చేసుకోవడం, అన్నానికి పిలిస్తే ఈ ఒక్క బోల్టూ బిగించి వస్తానని గంటసేపు రాకపోవడం ఈ పిచ్చికి సామాన్య లక్షణాలు. ఇది మీసాలు రాకముందే పట్టుకుంటుంది. జుట్టు నెరిసినా వదలదు.

ఈ పిచ్చికి రెండు పాయలున్నాయి. ఒకటి పందెం, ముఖ్యంగా మోటారు సైకిలు పందెం. రెండోది పాత కార్ల మీద, పాత బళ్ల మీద మోజు. పైకి రెండూ ఎడమొహం పెడమొహంగా కనిపిస్తాయి. పందెగాడు నిన్నటి వేగాన్ని ఇవాళ దాటాలనుకుంటాడు. పాత కారు యజమాని నిన్నటి వేగాన్ని ఇవాళ్టికీ నిలబెట్టాలనుకుంటాడు. అయినా ఇద్దరూ ఒకే షెడ్డులో, ఒకే రకం గ్రీజు మరకలతో తేలతారు. పందెం నడిచేది నిమిషాలు, పాత కార్ల ఊరేగింపు నడిచేది ఒక ఆదివారం. మిగతా ఏడాదంతా నడిచేది చేతిపని. ఒంగోలు గిత్తల్ని బండలాగుడు పోటీకి పెంచే రైతును చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బండ లాగేది కాసేపే. ఆ కాసేపటి కోసం ఏడాది పొడవునా ఉలవలు ఉడకబెట్టాలి, ఒళ్లు తోమాలి, తెల్లవారుజామున నడిపించాలి. గెలిచినా ఓడినా మర్నాడు పొద్దున మళ్లీ ఉలవలే. బండి పిచ్చి నిజమైనదో కాదో కూడా ఆ మర్నాటి పొద్దునే తేలుతుంది.

ఈ చేతిపని మోటారు వాహనంతో పాటే పుట్టింది. 1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. దాన్ని కొనడానికి జనం ముందుకు రాలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆ బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి బయలుదేరింది. సుమారు 100 కిలోమీటర్ల దారి. పెట్రోలు బంకులు లేని కాలం కనక వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, బట్టల మరకలు వదిలించే ద్రావకం కొని ట్యాంకులో పోసింది. ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. వైరు ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్కలు వేయించింది. మోటారు కారు చేసిన మొదటి దూరప్రయాణం అలా పుట్టింటి దారిలో జరిగింది. తిరిగొచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని ఆమె భర్తకు చెప్పింది; ఆయన పెట్టాడు. బండి నడపడం, బాగుచేయడం అప్పట్లో రెండు వేరు పనులు కావు. తర్వాత్తర్వాత లోకం వాటిని విడదీసి ఒకటి డ్రైవరుకు, ఒకటి మెకానిక్కుకు పంచింది. బండి పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఆ పంపకానికి సంతకం పెట్టలేదు.

పందేల కథకు మూలస్థానం ఐల్ ఆఫ్ మ్యాన్. ఇంగ్లండుకు, ఐర్లండుకు మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి అది. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో వేగానికి హద్దు గంటకు 20 మైళ్లు. రోడ్లు మూసి పందెం పెట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకునేది కాదు. దీవికి మాత్రం టిన్‌వాల్డ్ అని సొంత శాసనసభ ఉంది. 1904లో అది చట్టం చేసి రోడ్ల మీద పందేలకు తలుపు తెరిచింది. ముందు కార్లు వచ్చాయి. 1907 మే 28న మోటారు సైకిళ్లు వచ్చాయి. పందేనికి టూరిస్ట్ ట్రోఫీ అని పేరు పెట్టారు. మామూలు మనిషి ప్రయాణానికి పనికొచ్చే బళ్లే పోటీ పడాలన్నది ఉద్దేశం. సరైన సీటు, సైలెన్సరు, మడ్‌గార్డులు ఉండి తీరాలి. తెలుగు తండ్రులకు అంతకంటే నచ్చే నిబంధన ఇంకొకటుంది. ఇంధనం కొలిచి పోసేవారు. ఒంటి సిలిండరు బండి గ్యాలనుకు 90 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 32 కిలోమీటర్లు ఇవ్వాలి. జంట సిలిండర్లదైతే 75 మైళ్లు. అంత పేరున్న పందెం మైలేజి లెక్కతో మొదలైంది. ఆ రోజు ఒంటి సిలిండరు తరగతిలో చార్లీ కాలియర్ తమ కుటుంబ కంపెనీ మ్యాచ్‌లెస్ బండి మీద, జంట సిలిండర్ల తరగతిలో రెమ్ ఫౌలర్ నార్టన్ బండి మీద గెలిచారు.

1911లో పందెం స్నేఫెల్ కొండ మీదుగా పోయే పెద్ద దారికి మారింది. ఒక చుట్టు 60 కిలోమీటర్ల పైమాటే. రాతి గోడలు, ఇళ్ల గుమ్మాలు, ఇరుకు వంతెనలు, గొర్రెలు మేసే కొండవాలు అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. మామూలు రోజుల్లో జనం బజారుకు పోయే రోడ్డే పందెం రోజుల్లో ట్రాకు అవుతుంది. ఆ ఏడాది సీనియర్ అనే తరగతి పందెంలో మొదటి మూడు స్థానాలూ ఇండియన్ బళ్లకు దక్కాయి. పేరు చూసి మురిసిపోనక్కర్లేదు. అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన బళ్లవి. మిగతావాళ్లలో చాలామంది బెల్టులు నమ్ముకున్న రోజుల్లో వీటికి గొలుసు, రెండు గేర్లు ఉన్నాయి. కొండ దారిలో అవే అక్కరకొచ్చాయి. 1957లో బాబ్ మెకింటైర్ ఆ దారిలో మొదటిసారిగా గంటకు 100 మైళ్ల సగటుతో ఒక చుట్టు పూర్తిచేశాడు. 1959లో జపాన్ నుంచి హోండా కంపెనీ వచ్చింది. రెండేళ్లకే, 1961లో గెలిచింది. ఈ పందేన్ని చూడటానికి అభిమానులు తమ సొంత బళ్లను ఓడల్లో ఎక్కించుకుని మరీ దీవికి వస్తారు. జెండాలు పట్టుకుని మలుపుల్లో నిలబడే మార్షల్సు జీతగాళ్లు కారు, సెలవులు పెట్టుకుని వచ్చే స్వచ్ఛంద సేవకులు.

ఇండియన్ బండి పేరు వచ్చింది కనక, ఈ పిచ్చికి నిలువెత్తు ఉదాహరణ అయిన మనిషి దగ్గర ఆగాలి. బర్ట్ మన్రో 1899లో న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ దగ్గర పుట్టాడు. 1920లో ఒక ఇండియన్ స్కౌట్ కొన్నాడు. ఇంజన్ 600 సీసీ. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు. తర్వాత వెలోసెట్ బండి ఒకటి తోడయింది గాని స్కౌట్‌ను ఆయన వదల్లేదు. బండిని మార్చలేదన్న మాట ఒక అర్థంలోనే నిజం. ఆ బండిలో ఆయన మార్చని భాగం వెతికి పట్టుకోవడం కష్టం. 1926లో మొదలుపెట్టిన మార్పులు 40 ఏళ్లు దాటాక కూడా ఆగలేదు.

ఆయన దగ్గర డబ్బు లేదు. మోటారు సైకిళ్ల దుకాణంలో అమ్మకం పని, మెకానిక్కు పని చేసేవాడు. బండి పని రాత్రిళ్లు. ఒక్కోసారి ఆ రాత్రి నిద్ర లేకుండానే తెల్లారేది. 1940ల చివర ఉద్యోగం కూడా మానేసి, ఒక గ్యారేజీలో బళ్ల పక్కనే మంచం వేసుకున్నాడు. కొనలేని భాగాన్ని చేసుకోవడం ఆయన పద్ధతి. లోహం కరిగించి, పాత డబ్బాలు అచ్చులుగా పెట్టి పిస్టన్లు పోతపోశాడు. పాత ఇనప గొట్టాలతో సిలిండర్లు చేశాడు. ట్రాక్టరు ఇరుసు ఉక్కును అరగదీసి కనెక్టింగ్ రాడ్లుగా మలిచాడు. కొలతలు చూసుకోవడానికి మైక్రోమీటరు లేకపోతే పాత స్పోకుతో ఒకటి తయారుచేసుకున్నాడు. టైర్ల మీది గళ్లను కత్తితో చెక్కి నున్నగా చేశాడు. వాల్వులు పక్కన ఉండే ఇంజన్‌ను వాల్వులు పైన ఉండే ఇంజన్‌గా మార్చాడు. 600 సీసీ ఇంజన్ చివరికి 950 సీసీ అయింది.

పిస్టన్ సొంతంగా పోతపోయడం ఎంత సాహసమో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో పిస్టన్ సెకనుకు 100 సార్లు పైకి పోతుంది, 100 సార్లు కిందికి వస్తుంది. ప్రతిసారీ కొసన పూర్తిగా ఆగి, వెనక్కి తిరగాలి. నెత్తిన నిప్పు మండుతుంటుంది; పక్కల్లో వెంట్రుక మందం సందు. పోతలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా అక్కడ పగులుతుంది. వేడికి ఉబ్బితే సిలిండరు గోడను పట్టుకుని బిగుసుకుపోతుంది. కనెక్టింగ్ రాడ్డు విరిగితే ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొస్తుంది. ఇవన్నీ మన్రోకు జరిగినవే. విరిగిన పిస్టన్లు, వంగిన రాడ్లు, కాలిన వాల్వులు ఆయన పారేయలేదు. షెడ్డులో ఒక అలమర అరల్లో వరసగా పేర్చి, వేగదేవుడికి నైవేద్యాలు అన్న అర్థం వచ్చేలా మీద రాసిపెట్టాడు. దసరా నాడు లేతు మిషనుకు, రెంచీల పెట్టెకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టే తెలుగు మెకానిక్కు ఆ షెడ్డులోకి వెళ్తే కొత్తగా ఏమీ అనిపించదు. మనం పనిచేసే పనిముట్టుకు దణ్ణం పెడతాం; ఆయన పనిచేయలేక విరిగిపోయినదానికి చోటిచ్చాడు. తేడా అంతే.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బాన్‌విల్ అనే చోట ఎండిపోయిన ఉప్పు సరస్సు మైళ్ల పొడవున బల్లపరుపుగా ఉంటుంది. వేగం రికార్డుల కోసం లోకంలోని బళ్లన్నీ అక్కడికి చేరతాయి. గుండెనొప్పి మొదలైన వయసులో మన్రో తన స్కౌట్‌ను ఓడ మీద వేసుకుని అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడు. 1962లో గంటకు 288 కిలోమీటర్ల వేగంతో తన తరగతిలో ప్రపంచ రికార్డు పెట్టాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, 1,000 సీసీ లోపు తరగతిలో గంటకు 183.59 మైళ్లు నమోదైంది. అక్కడి రికార్డు ఒక్క పరుగుతో రాదు. పోయేటప్పటి వేగం, తిరిగొచ్చేటప్పటి వేగం కలిపి సగటు కడతారు. ఆ సగటు కట్టడంలో చిన్న పొరపాటు జరిగింది. చాలా ఏళ్ల తర్వాత కొడుకు ఆ లెక్క చూసి పట్టుకున్నాడు. 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ అంకెను 184.087 మైళ్లకు, అంటే 296 కిలోమీటర్లకు దిద్దింది. అప్పటికి మన్రో పోయి 36 ఏళ్లు. ఆయన మీద ఆంథొనీ హాప్‌కిన్స్ నటించిన ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అనే సినిమా 2005లో వచ్చింది. రికార్డు కంటే గుర్తుంచుకోవలసిన లెక్క ఇంకొకటి ఉంది. 88 కిలోమీటర్ల బండి 296 కిలోమీటర్లు పోవడానికి 47 ఏళ్లు పట్టింది. ఏడాదికి సగటున దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల వేగం పెరిగింది. ఒక మనిషి ఓపికను అంకెల్లో చూడటం అరుదు.

పాత కార్ల ప్రపంచం దీనికి పక్క గది. బ్రిటిష్ వాడుకలో 1904 వరకు తయారైన కార్లు వెటరన్, 1919 నుంచి 1930 వరకు తయారైనవి వింటేజ్. ఇంకా తర్వాతి కాలపు పాత బళ్లను క్లాసిక్ అంటారు. మన దేశంలో మాటల్లో మూడింటినీ కలిపి వింటేజ్ అనేస్తారు. ఈ మోజుకు పెద్ద పండగ లండన్ నుంచి బ్రైటన్ దాకా సాగే యాత్ర. 1896 నవంబరు 14న బ్రిటన్‌లో వేగం హద్దును గంటకు 4 మైళ్ల నుంచి 14 మైళ్లకు పెంచిన చట్టం అమల్లోకి వచ్చింది. ఆ సంబరంలో కార్లవాళ్లు సముద్రపు ఒడ్డున ఉన్న బ్రైటన్‌కు వెళ్లారు. 1927లో ఆ యాత్రను మళ్లీ నడిపారు. యుద్ధకాలం లాంటి అడ్డంకులు తప్పిస్తే, నవంబరు మొదటి ఆదివారం నాడు అది ఇప్పటికీ సాగుతోంది. 1905కు ముందు తయారైన కార్లకే ప్రవేశం. సూర్యోదయానికి హైడ్ పార్కులో బయలుదేరి దాదాపు 60 మైళ్లు పోవాలి. అది పందెం కాదు. సగటున గంటకు 20 మైళ్ల వేగం మించకూడదు. సాయంత్రం నాలుగున్నరలోపు చేరిన ప్రతి బండికీ పతకం ఇస్తారు. గెలుపంటే చేరడమే. బెర్తా బెంజ్ ఆ లెక్కనే మొదటి విజేత.

పాత బండి దగ్గర ఒక చిక్కు ప్రశ్న ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. ఎంతవరకు మారిస్తే అది అదే బండి? తాతగారి పడక్కుర్చీకి ఒక తరంలో పట్టా మారుతుంది, ఇంకో తరంలో కాళ్లు మారతాయి. అయినా ఇంట్లో అందరికీ అది తాతగారి కుర్చీయే. బండి విషయంలో అభిమానులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాయితాలతో సరిపోవాలి. స్క్రూ తలకాయ కూడా ఆనాటి రకమే కావాలనేవాళ్లున్నారు. తుప్పు గీకి, రంగు వేసి, కొత్తదానిలా మెరిపించడం ఒక బాట. వెలిసిన రంగును, చిరిగిన సీటును అలాగే ఉంచి, ఇంజన్ మాత్రం నడిచేలా చేయడం ఇంకో బాట. ఒకప్పుడు మొదటిదే గొప్ప. ఇప్పుడు రెండోదానికీ గౌరవం పెరిగింది. కారణం తెలిసిందే: రంగు ఎన్నిసార్లయినా వేయొచ్చు, వెలిసిపోవడం ఒక్కసారే జరుగుతుంది. డబ్బు ప్రవేశించినచోట ఈ ప్రశ్న ఇంకా వేడెక్కుతుంది. 2022లో 1955 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే 13.5 కోట్ల యూరోలకు అమ్ముడైంది. ఆ రకం తయారైనవి రెండే.

హైదరాబాదుకు ఈ కథలో వాటా ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తెప్పించుకోవాలనుకున్నాడు. వెనక సీటు సింహాసనంలా ఉండాలి, రంగు పసుపు. కారు ఆయన చేతికి అందలేదు. ఆయన 1911లోనే కన్నుమూశాడు. తర్వాత గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ పొదుపుకు పేరుపడ్డవాడు. కారు కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదు. ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని చూడొచ్చు. మన్రో స్కౌట్ ఒక కొస అయితే నిజాం కారు రెండో కొస. దాన్ని వాడి వాడి కొత్తగా చేశారు. దీన్ని వాడకుండా కొత్తగా ఉంచారు. దేశంలో సంస్థానాల కార్లు విలీనం తర్వాత చాలావరకు షెడ్లలో మూలపడ్డాయి, కొన్ని విదేశాలకు పోయాయి. మిగిలినవాటిని మళ్లీ రోడ్డెక్కించడంలో ఢిల్లీలో 1964లో మొదలైన స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీకి పెద్ద పాత్ర ఉంది. హైదరాబాదులోనే సుధాకర్ అనే అభిమాని దారి ఇంకోటి. తుక్కుతో, చేత్తో, వంకాయ రూపంలోనూ కెమెరా రూపంలోనూ నడిచే కార్లు చేసి సుధా కార్స్ మ్యూజియం పెట్టాడు. 2005లో ఆయన చేసిన అతి పెద్ద మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది.

పందేలకు దక్షిణాదిలో పాత చిరునామా షోళవరం. నెల్లూరు నుంచి మద్రాసు పోయే జి.ఎన్.టి. రోడ్డు మీద, నగరానికి కాస్త ఇవతల, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన మైదానం ఉంది. యుద్ధం అయిపోయాక విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీద దశాబ్దాలపాటు కార్ల, మోటారు సైకిళ్ల పందేలు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో ఆ క్లబ్బు సొంత ట్రాకు తెరుచుకున్నాక పందేలు అక్కడికి మారాయి.

సామాన్యుడి ఇంటి ముందు మాత్రం ఈ పిచ్చిని రగిలించింది మైసూరు. 1961లో అక్కడ ఐడియల్ జావా కంపెనీ చెకోస్లోవేకియా జావా బళ్లను తయారుచేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి వాటి పేరు యెజ్డీ. 250 సీసీ, ఒక్క సిలిండరు. సైలెన్సర్లు మాత్రం రెండు. దాన్ని స్టార్టు చేయడం ఒక తంతు. ముందు పెట్రోలు కాకు తిప్పాలి. కార్బురేటరు మీది బొడిపెను వేలితో నొక్కి పట్టుకుంటే లోపల పెట్రోలు నిండి వేలికి చల్లగా తగులుతుంది. అది చాలన్న గుర్తు. హెడ్‌లైటు డొప్పలో మేకులాంటి తాళం దింపాలి. ఎడంవైపున్న గేరు కడ్డీనే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు అవుతుంది. నెమ్మదిగా తొక్కుతూ ఇంజన్ బిగువు తగిలేచోట ఆపి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. తెల్ల పొగ లేస్తుంది, ఆయిలు కాలిన వాసన వస్తుంది, రెండు సైలెన్సర్లూ కలిసి ఖంగుమంటాయి. అదే కడ్డీని కిందికి వంచితే మళ్లీ గేరు. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా ఆయిలు కొలిచి కలపాలి. మరిచిపోతే ఇంజన్ బిగుసుకుంటుంది.

ఈ తంతుకు కాలం చెల్లింది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100కు, పెట్రోలు పోసి మూత పెట్టి మరిచిపోవచ్చన్నదే ప్రకటన. మైలేజి చూసి దేశం ఆ మాట నమ్మింది, నమ్మి నష్టపోలేదు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. పొగ వదిలే టూ స్ట్రోకు ఇంజన్లను కాలుష్య నిబంధనలు ఇక సాగనివ్వలేదు. కానీ మరిచిపోగలిగిన బండిని జనం మరిచిపోయారు. మరిచిపోనివ్వని బండి మిగిలింది. ఏటా జులైలో జావా అభిమానులు ఊరూరా తమ బళ్లతో కలుస్తారు. తయారీ ఆగిన 22 ఏళ్లకు, 2018లో, ఆర్‌ఎక్స్ 100 పేరే ఒక తెలుగు సినిమాకు పేరయింది. యంత్రం ఎంత పరిపూర్ణమైతే మనిషితో దానికి అంత పని తక్కువ. పని లేనిచోట పరిచయం పెరగదు. పాత బండి రోజూ ఏదో ఒకటి అడుగుతుంది కనకే దాని గుణం తెలుస్తుంది. బండి పిచ్చికి మూలం ఆ అడగడంలో ఉంది.

దీనికి చెల్లించే మూల్యాన్ని దాచకూడదు. ఐల్ ఆఫ్ మ్యాన్ కొండ దారి ఇప్పటికి 250 మందికి పైగా పోటీదారులను మింగింది. అక్కడ 26 సార్లు గెలిచిన జోయీ డన్‌లప్ ఉత్తర ఐర్లండులో పబ్బు నడుపుకునే మనిషి. 2000లో ఎస్టోనియాలో పందెంలో చనిపోయాడు. తమ్ముడు రాబర్ట్ 2008లో, రాబర్ట్ కొడుకు విలియం 2018లో అలాగే పోయారు. విలియం తమ్ముడు మైకేల్ 2024లో పెదనాన్న రికార్డును దాటాడు. ఒకే ఇంట్లో ముగ్గురు పోయినా నాలుగోవాడు బండెక్కడాన్ని గొప్ప అనాలో, తప్పు అనాలో తేల్చడం బయటివాళ్లకు సులభం. ఆ ఇంటివాళ్లకు కాదు.

ఈ పిచ్చి లోకానికి తిరిగిచ్చింది కూడా ఉంది. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ తన బ్రఫ్ సుపీరియర్ మోటారు సైకిలు మీద పోతూ పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనకు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడున్నాడు. ఆ మరణం ఆయన్ని వెంటాడింది. మోటారు సైకిలు ప్రమాదాల్లో తలకు తగిలే గాయాల మీద ఆయన చేసిన పరిశోధన వల్ల 1941లో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్టు తప్పనిసరి చేసింది. నార్టన్ బండి మీద బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకు 100 మైళ్లు దాటిన బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు కథ కూడా ఈ కోవదే. బ్రిటిష్ యుద్ధవిమానం ముక్కు దించగానే అందులోని మెర్లిన్ ఇంజన్ ఆగిపోయే జబ్బు ఉండేది. 1941లో ఆమె ఇంధన గొట్టంలో బిగించే చిన్న లోహపు బిళ్లతో దాన్ని చాలావరకు కుదిర్చింది.

ఇక ముందు కాలం చప్పుడు లేనిది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. కార్లన్నీ బ్యాటరీవి, గర్జనకు బదులు ఈల లాంటి కూత వినిపించింది. కార్బురేటరు లేదు, ప్లగ్గు లేదు, చేతికి అంటే గ్రీజు లేదు. రేపటి పిల్లలకు ఆ కూతే మధురంగా వినిపించొచ్చు. వాళ్ల పిచ్చి వాళ్లకు పుడుతుంది. పాతవాటిని కాపాడటం మాత్రం ఇప్పటివాళ్ల పని.

అందుకు చట్టం ఒక దారి చూపింది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ కిందికి వస్తాయి. కొత్తగా రిజిస్టరయ్యేవాటి నంబరు ప్లేటు మీద వి.ఏ. అన్న అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లొచ్చు. మైసూరులో తయారైన తొలి జావాలు, 1960ల నాటి అంబాసిడర్లు, ఫియట్లు ఇప్పటికే ఆ గీత దాటాయి. దరఖాస్తుతో పాటు పాత ఆర్.సి. పుస్తకం చూపించాలి. తెలుగు ఊళ్లలో ఇలాంటి బళ్లు ఇంకా పెరళ్లలో, పశువుల పాకల్లో, చింతచెట్ల కింద నిలబడి ఉన్నాయి. పాత ఇనుము కొనేవాడు వాటిని కిలోల లెక్కన తూస్తాడు. అతన్ని పిలిచేముందు ఇంట్లో ఆ ఆర్.సి. పుస్తకం ఎక్కడుందో ఒకసారి వెతకాలి.